దుప్పిలో ఎవరి గుండు

"మీ ఇద్దరిలో ఒక్కళ్ళకే తుపాకీ, బాబాయ్. రెండోవాళ్ళు వచ్చే ఏటినించి పులుసు కుండ దగ్గర," అన్నాడు ఎస్కో, కాఫీలోంచి మొహం ఎత్తకుండా.

వేట గుడిసెలో పొయ్యి చిటపటలాడుతోంది. బయట ముసురు. అర్మాస్ మోకాళ్ళు పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"ఎవరుండాలో ఎవరు తేలుస్తారు?"

"దుప్పే తేలుస్తుంది. ఇవాళ పడ్డదాంట్లో ఎవరి గుండు దొరికితే వాళ్ళకే కాపు, తుపాకీతో మాటు వేసే చోటు. నిరుడు మీ ఇద్దరి మధ్యలోంచే దెబ్బ తిన్న దుప్పి చిత్తడిలోకి పారిపోయింది. వెతికి వెతికి నా కుక్కకి కాళ్ళు పుళ్ళయ్యాయి. మీరేమో కొట్టింది నేను కాదంటే నేను కాదని."

ఎస్కో ఆ ఊరి వేట జట్టుకి పెద్ద. అతన్ని అనడానికేమీ లేదు. అర్మాస్‌కి ఈమధ్య ఏవి కొమ్ములో, ఏవి కొమ్మలో తెలియడం లేదు. పక్క కాపులో నిలబడే బావ తైస్తోకి చేతుల వణుకు. అతను కాఫీ తాగితే సగం కాఫీ కుక్కకే.

తైస్తో కట్టెలకోసం బయటికెళ్ళాడు. అర్మాస్ ఆలోచనలో పడ్డాడు. తనకైతే ఇంటినిండా మనవలు, సాయంత్రం పేకాట, శనివారం ఆవిరి స్నానం. తైస్తోకి ఏముంది? భార్య హిల్కా పోయాక ఆ ఇంట్లో గోడ గడియారం, అతనూ మిగిలారు. ఏడాది పొడుగునా అక్టోబరులో వచ్చే వేట కోసమే బతుకుతాడు.

హిల్కా అర్మాస్‌కి తోబుట్టువు. ఓసారి దుప్పి కూరలో సీసం ముక్క కొరికి పన్ను విరగ్గొట్టుకుంది. ఆ పన్ను ఎగిరి కిటికీ అద్దం బద్దలుకొట్టిందని తైస్తో ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. సీసం గుండు తీరే అంత. ఒంట్లో దిగి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ముక్కలు రాలుస్తుంది, చుట్టుపక్కల మాంసమంతా పాడుచేస్తుంది. రాగి గుండు అలా కాదు. నాలుగు రేకుల పువ్వులా విచ్చుకుంటుంది, నలక రాలదు. ఆ పన్ను ఊడిన రోజునించీ తైస్తో రాగి తప్ప ముట్టలేదు. హిల్కా పోయాక కూడా మానలేదు.

అర్మాస్ మాత్రం సీసమే. ఇద్దరి తుపాకులూ ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే కొలతవి కొన్నారు; ఒకరి తూటా రెండోవాళ్ళ దాంట్లోనూ పడుతుంది. తూటాలే వేరు. రాగి గుండున్న తైస్తో తూటాల గొట్టాలు తెల్లపూత పూసినవి, సీసం గుండున్న అర్మాస్‌వి ఉత్త ఇత్తడివి.

పొయ్యి పక్కన మేకులకి ఇద్దరి కోట్లూ ఆరుతున్నాయి. ఎస్కో కుక్కకి పట్టీ కట్టే పనిలో ఉండగా అర్మాస్ లేచి, తైస్తో కోటు జేబులోంచి తెల్ల తూటా ఒకటి తీసి తన ప్యాంటు జేబులో వేసుకున్నాడు. తర్వాత ఓసారి చెట్టు చాటుకి వెళ్ళొచ్చాడు. వచ్చేసరికి తైస్తో కోట్లు రెండూ తడిమి చూస్తున్నాడు.

"నీది ఇంకా తడిగానే ఉంది, బావా."

"మనం ఎండేదెప్పుడులే," అన్నాడు అర్మాస్.

మధ్యాహ్నానికి అడవిలో కుక్క మొరిగింది. గడ్డివామంత దుప్పి కదిలొచ్చి సరిగ్గా ఇద్దరి కాపుల మధ్య ఆగింది. తెల్ల తూటా అర్మాస్ తుపాకీలో సిద్ధంగా ఉంది. తైస్తో పేల్చగానే తానూ పేల్చాలని అర్మాస్ చెవులు రిక్కించి కూర్చున్నాడు. అలికిడి లేదు. దుప్పి అటు చూసింది, ఇటు చూసింది. ఎవరూ పేల్చకపోయేసరికి దానికే విసుగొచ్చినట్టుంది, ముందుకి అడుగేసింది.

రెండు తుపాకులూ ఒకే గొంతుతో పేలాయి. దుప్పి మోకాళ్ళ మీద కూలింది.

"తైస్తో కొట్టాడు," అన్నాడు అర్మాస్, ఎస్కో రాగానే.

"నేనా? నా చేతికి అంత సీనుందా? దెబ్బ నీదే, బావా."

పాపం, తనమీద తనకే నమ్మకం పోయింది అనుకున్నాడు అర్మాస్.

"నిరుడూ ఇదే పాట," అన్నాడు ఎస్కో విసుగ్గా. "మీరు నోళ్ళు మూసుకోండి. గుండు చెబుతుంది."

మాంసం కోసే కొట్టంలో జట్టంతా మూగింది. దుప్పి ఒంటిమీద చిల్లు ఒకటే ఉంది. ఎస్కో అవతలి జబ్బ కింద చర్మం చీల్చి, వేలుతో కెలికి, గుండు పైకి తీసి బాల్చీలో కడిగాడు. అర్మాస్ మనసులో అప్పుడే నాలుగు రేకులు లెక్కపెట్టేశాడు.

ఎస్కో అరచేతిలో ఉన్నది బూడిదరంగు పుట్టగొడుగు.

"సీసం. కాపు నీదే, అర్మాస్ బాబాయ్."

అందరూ వీపు చరిచారు. తూటా మార్చడం మర్చిపోయానా అనుకున్నాడు అర్మాస్. ఈ వయసులో అదీ జరగొచ్చు. గోడవైపు తిరిగి, జేబులోంచి పేలిన తూటా గొట్టం తీసి చూసుకున్నాడు. తెల్లగానే ఉంది.

అప్పటికే తైస్తో నడుముకి గుడ్డ చుట్టుకుని పులుసు కుండ దగ్గర చేరాడు. బఠాణీ పులుసు గిన్నె వణికే చేత్తో తెచ్చి, సగం నేలపాలు చేసి, మిగిలింది అర్మాస్ చేతికిచ్చాడు. హిల్కా పోయాక అతని మొహంలో అంత నవ్వు ఎవరూ చూడలేదు.

"తాగు బావా. ఇంట్లో కూర్చోబెడితే నువ్వు పాడైపోతావు. నేనైతే కుండ దగ్గరున్నా ఉంటాను."

ఒలికిన పులుసు తుడుద్దామని తైస్తో జేబులోంచి రుమాలు లాగాడు. దాంతోపాటు పేలిన తూటా గొట్టం ఒకటి జారి, నేలమీద దొర్లి, అర్మాస్ బూటుకి తగిలి ఆగింది.

అది ఇత్తడిది.