అయ్య మిద్దెకన్నా ఎత్తు

"ఆ కొయ్య మీరు దించుతారా, నన్ను దించమంటారా?"

మునెయ్య ఊరవతలి పాలెం మొగలోనే, వీధి మొదట్లో నిలబడి అడిగాడు. రంగనాయకులు గారింట్లో పాతికేళ్ళుగా జీతమున్నవాడు. అయ్య కాలుపెట్టని చోట తనూ కాలుపెట్టడు. కృపాదానం ఇల్లు మొదటిదే కాబట్టి గొంతు చించుకోవాల్సిన పని లేకపోయింది.

ఇంటి పక్కన ముప్పై అడుగుల సరుగుడు కొయ్య నిలువునా పాతి ఉంది. దాని కొన నుంచి ఎదురుగా ఉన్న వేపచెట్టు దాకా రాగితీగ లాగి, రెండు చివరలా పింగాణీ గుండ్లు కట్టారు. ఇంకో తీగ కిటికీలోంచి ఇంట్లోకి పోయింది. రేడియో ఏరియల్. మొన్నటిదాకా ఊరు మొత్తానికీ అయ్య మిద్దె మీదున్నది ఒక్కటే.

కృపాదానం పెళ్ళాం మగ్దలీనమ్మ చేట పక్కన పెట్టింది. "దించేదానికి పాతలేదు మునెయ్యన్నా."

"అది మా అయ్య మిద్దెకన్నా ఎత్తుండాది."

"మీ మిద్దెకి కొలతలేసి కొయ్య తెచ్చినామా ఏంది? మద్రాసు స్టేషను అందాలంటే అంతెత్తు ఉండాలన్నాడు నెల్లూరు కొట్టాయన."

కృపాదానం గోడకానుకుని కూర్చుని గడ్డం గోక్కున్నాడు. "నేను అప్పుడే చెప్పినానన్నా. ఆ కొట్లోనే ఇంకో రకం ఉండాది. బెత్తెడు వెడల్పున తీగలల్లిన జాలీ. ఇంట్లోనే ఈ గోడ నించి ఆ గోడకి కట్టుకుంటే సరి. బయటికి కనపడదు."

మునెయ్యకు ప్రాణం లేచి వచ్చింది. "బంగారంలాంటి మాటన్నావు. అది కట్టుకోండబ్బా. ఇంట్లో మీరు ఏం కట్టుకుంటే ఎవరికి కావాల?"

"జాలీకి మాట గురగురమంటా వస్తాదంట," అంది మగ్దలీనమ్మ. "తీగకైతే మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టుంటాదంట. అయినా ఇంట్లో దాచిపెట్టుకునేందుకు అదేమన్నా దొంగసొత్తా?"

"అమ్మే, అయ్య మిమ్మల్ని కోతలకి పిలవొద్దంటాడు. మీ ఇంటి నించి నాలుగు కొడవళ్ళు వస్తాయి. చూసుకో."

"కోవూరు పక్క కోతలకి మనుషులు చాలక బండ్లు కట్టుకోనొచ్చి పిలుచుకోని పోతా ఉండారు. కొడవలికి మీ చేనని, ఇంకోళ్ళ చేనని తెలస్తాదా?"

కృపాదానం లేచి కొయ్య దగ్గరికి నడిచాడు. పెళ్ళాం మాట తోసేసి పీకేస్తాడనే అనుకున్నాడు మునెయ్య. అతను కొయ్య మొదట్లో మట్టి వదులుగా ఉన్నచోట మడమతో తొక్కి తొక్కి గట్టిచేశాడు. మునెయ్య వైపు మాత్రం చూడలేదు.

మునెయ్య నోట ఈ మాటలన్నీ విన్నాక రంగనాయకులు గారు కేకలేస్తారనుకుంటే, పడక కుర్చీలో నవ్వారు.

"రేడియో పాడతా ఉందా?"

మునెయ్య వినలేదు. వినలేదంటే పోయిన పని సరిగ్గా చేయలేదంటారని భయం. అయినా ఏరియల్ లేచిన ఇంట్లో రేడియో పాడకుండా ఉంటుందా?

"బ్రహ్మాండంగా పాడతా ఉందయ్యా."

"లైసెన్సు తీసుకోనుండరు. అదీ సంగతి," అని అయ్య కాగితం, కలం తెమ్మన్నారు. ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇల్లల్లా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. లేదంటే రేడియో పట్టుకుపోతారు.

ఆ అర్జీ అందుకుని నాలుగో నాడు నెల్లూరు నుంచి లైసెన్సుల తనిఖీ ఆయన వచ్చాడు. పేరు విజయభాస్కర్. అయ్య కూడా గొడుగేసుకుని పాలెం మొగదాకా వచ్చి, అక్కడే ఆగారు. చుట్టుపక్కల ఆడా మగా అంతా పోగయ్యారు.

"లైసెన్సు ఉందా అమ్మా?"

"లేదు సారూ," అంది మగ్దలీనమ్మ.

"ఒప్పుకునింది గదా, రాసుకోండి," అన్నారు రంగనాయకులు గారు. "రేడియో పట్టుకోండి. కొయ్య పీకించండి."

"కొయ్యతో మాకు పనిలేదండీ. అది ఎంతెత్తయినా పెట్టుకోవచ్చు. లైసెన్సు రేడియోకి," అన్నాడు విజయభాస్కర్.

"సరే, రేడియోనే పట్టుకోండి. మునెయ్యా, సారుతో లోపలికి పొయ్యి మోసుకురా."

మునెయ్య గుమ్మం ముందు ఒక్క క్షణం తటపటాయించాడు. అయ్యే పొమ్మన్నాక ఇంకేం చేస్తాడు? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలవంచి ఆ పాలెంలో ఒకరి ఇంట్లోకి అడుగుపెట్టాడు. పేడతో అలికిన నేల, గూట్లో బైబిలు, ఉట్టి మీద మజ్జిగ ముంత. తన ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంది. విజయభాస్కర్ మంచం కింద చూశాడు, రేకుపెట్టె తెరిపించాడు, గాదె మూతెత్తాడు. కిటికీలోంచి వచ్చిన తీగ గోడ వెంబడే దిగి, మేకుకు రెండు చుట్లు చుట్టుకుని అక్కడితో ఆగిపోయింది.

మునెయ్య మేకు చుట్టూ గోడ తడిమి చూశాడు. బ్రహ్మాండంగా పాడుతున్నదని చెప్పినవాడు తనే మరి.

"రేడియో ఎక్కడమ్మా?" అన్నాడు విజయభాస్కర్.

"కొనలేదు సారూ."

"కొనకుండా ఇదంతా ఎందుకు కట్టారు?"

మగ్దలీనమ్మ గుమ్మంలోకి వచ్చి, గొడుగు కింద ఉన్నాయనకు కూడా వినపడేలా చెప్పింది.

"రేడియో కొన్నాక కొయ్య పీకిస్తే దండగ గదా సారూ, అందుకని ముందు ఉత్త కొయ్య పాతి, ఎవరేం చేస్తారో చూద్దామనుకున్నాం. కొయ్య ఎంతెత్తయినా పెట్టుకోవచ్చని తమరు ఇందరి ముందర చెప్పినారు, రేపే పొయ్యి లైసెన్సుతో సహా రేడియో కొనుక్కోనొస్తాం."