బల్ల కింద మంగళవారం

పిచుకా,

నువ్వు పోయావని చెప్పి, నీ మంగళవారం గంట రద్దు చేయించాలని కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆ మాట అనేలోపే ట్యూబులైటు రొద భరించలేక బల్ల కింద దూరాను. మేడమూ దూరింది. ఆయా వంగి రెండు టీలు అందించి, వింతేమీ లేనట్టు వెళ్లిపోయింది.

“ఇలా బల్లల కింద దూరడం మాన్పిస్తారనే కదండీ మా పిల్లని పంపాను!”

“మాన్పించం అమ్మా. హాయిగా ఉండనిస్తాం. మీకా లైటు రొద ఎప్పట్నుంచి వినిపిస్తోంది?”

“పుట్టినప్పట్నుంచి. అందరికీ అంతేగా?”

“మొదటిరోజు మీ అమ్మాయీ ఇదే మాటంది.”

ముప్ఫై ఏళ్లు నిన్ను తిట్టినవన్నీ నా పోలికలేనే, తల్లీ. ఇక నీ గంటకి నేనే వెళ్తాను.

నువ్వున్న చోటు తెలియక ఈ పోస్టుకార్డు మీద అడ్రసు రాయలేదు. ఇది ఎవరి చేతికొచ్చినా సరే, నా బిడ్డని తలుచుకుని కడుపునిండా తినండి.