నాలుక లేని అద్దాలు

ఏది కనిపించినా దాని పేరు చెవిలో చెప్పే కళ్లద్దాలను సర్కారు ఇంటింటికీ పంచింది. దాంతో జనం తమ మేకలను తాము గుర్తుపట్టడం కూడా మానేశారు. కుమ్మరి ఓదవ్వ మాత్రం తన అద్దాలను కుండ మూత మీద బరువుగా పెట్టింది.

ఆ ఉదయం మట్టికి వెళ్తే ఎండిన వాగులో ఆమెకు రాయిలాంటి, మోచేయంత ముక్క దొరికింది. అప్పటికే ఇసుక తవ్వే యంత్రాలు ఒడ్డుకు చేరాయి. అవి దిగితే వాగూ ఉండదు, ఆమెకు మట్టీ ఉండదు. యుగాల నాటి ఎముక దొరికిన చోట మాత్రం తవ్వకూడదని చట్టం.

తనిఖీకి వచ్చిన అధికారి నిఖిత ముక్కను చూడగానే అద్దాలు "రాయి" అన్నాయి.

"రాయేనట అవ్వా. తవ్వుకోమని సంతకం పెట్టేస్తా."

"జర ఆగు బిడ్డా. గింత మాట్లాడుతున్నయి, నీ అద్దాలకు నాలుకున్నదా?"

"నాలుకెందుకు?"

"సరిగ కాలని పెంకు నాలుకకు అంటుకుంటది. పాత ఎముక గూడ గంతే, లోపలన్నీ బెజ్జాలు. రాయి అంటుకోదు. నాకి చూడు."

"ఛీ! నేనా?"

"మరి సంతకం నీదా, అద్దాలదా?"

ఆ మాట నిఖితకు తగిలింది. ఓదవ్వ కొంగుతో తుడిచిచ్చిన ముక్కను నాలుక చివర ఆనించింది. అది పట్టుకుని వదల్లేదు.

"అవ్... ఆ..."

"తెలుగుల చెప్పు మేడం!"

నిఖిత పగలబడి నవ్వుతూనే ముక్కను ఊడబీక్కుంది. యంత్రాలను వెనక్కి తిప్పమని కేకేసింది. అద్దాలు ఇంకా "రాయి, రాయి" అంటూనే ఉంటే విసుగొచ్చి తీసేసింది.

ఓదవ్వ చెయ్యి చాపింది. "గవి ఇటు తే బిడ్డా. ఇంకో కుండ మూత నిలుస్తలేదు."