పల్లవికి ముందు

"పన్నెండు పాటల్లోనూ పల్లవికి ముందు ఎవరో 'ఊఁ' అంటున్నారు సార్. శుభ్రంగా చెరిపేశాను," అన్నాడు సౌండ్ ఇంజనీరు.

ఇరవయ్యేళ్లుగా నేను సోలోగా పాడిన రాక్ పాటల్లో మేటివి ఏరి తెస్తున్న ఆల్బమ్ అది. ఆ 'ఊఁ' డ్రమ్స్ వాయించే మా తమ్ముడిది. అది వినపడితేనే నేను పాట ఎత్తుకునేవాణ్ణి.

మా బ్యాండు వదిలేసి ఒక్కణ్ణే పాడతానంటే వాడు 'ఊఁ' అన్నాడు. నా వెనకే కూర్చుని వాయించాడు. ఆల్బమ్ అట్ట మీద నీ పేరెందుకులేరా అంటే, దానికీ 'ఊఁ'.

"ఎక్కడివక్కడ మళ్లీ పెట్టు," అని ఇంజనీరును కసిరి, తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఈసారి అట్ట మీద నీ పేరు కూడా వేయిస్తా. సరేనా?"

ఎప్పటిలాగే వాడి 'ఊఁ' కోసం ఆగాను.

"ఊహూఁ," అన్నాడు.