గోరంత ముక్క

"ఆ సుత్తి కింద పెట్టు" అంది ఆవిడ.

నిచ్చెన సగం ఎక్కిన మేస్త్రీ అక్కడే ఆగి ఆవిడ భర్త వంక చూశాడు. భర్త కిటికీ వంక చూశాడు. హాలునూ వంటగదినీ ఒకటి చేసి, పాత సీలింగు పీకించి కొత్తది వేయించాలని ఆర్నెల్లుగా పోరుపెట్టింది ఈవిడే. తీరా పని మొదలయ్యే వేళకి అడ్డం తిరిగిందీ ఈవిడే.

"ఈ పలకల్లో ఆస్‌బెస్టాస్ ఉందో లేదో పరీక్ష చేయించందే ఒక్క దెబ్బ పడటానికి వీల్లేదు. పగలగొడితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటుందట. ఎన్నో ఏళ్లకి గానీ బయటపడదట. ఇంట్లో చిన్నపిల్ల ఉంది."

"ఇలాంటివి ఎన్ని పగలగొట్టలేదమ్మా, నాకేమైంది?" అని నవ్వబోయి మేస్త్రీ దగ్గాడు.

"అదే నేనూ చెప్పేది" అందావిడ.

"ఆ లెక్కన మీ నాన్నగారింట్లోనూ ఉండి ఉంటుంది" అన్నాడు భర్త, ఉక్రోషం పట్టలేక.

"మా నాన్న ఇంట్లోనా? ప్రతి పలకా దగ్గరుండి ఏరి మరీ వేయించాడాయన. అలాంటి చెత్త ఆ ఇంట్లో వెతికినా దొరకదు. మీలాగా ఎవరో కట్టింది కళ్లు మూసుకుని కొన్నాడా?"

ఆవిడ ఆ మాట అలవాటుగానే అంది. అతని బుర్రలో మాత్రం అది నాటుకుపోయింది.

బయటికి వచ్చాక మేస్త్రీ గొంతు తగ్గించాడు. "సార్, మీ పలకల మీద నాకూ అనుమానంగానే ఉంది. ఉందని తేలిందా, అది తీసేవాళ్లు వేరే. వాళ్లు ఎప్పుడొస్తారో వాళ్లకే తెలీదు. ఈలోగా మావాళ్లు ఇంకో పనికి పోతారు."

వంటగది ఇప్పటికే ఖాళీ చేశారు. స్టవ్వు పడగ్గదిలోకి వచ్చింది. దిండు కూడా పోపు వాసన వేస్తోంది. ఇంకో నెల ఇలా గడపడం తన వల్ల కాదనుకున్నాడతను.

పరీక్ష చేసేవాళ్లు పద్ధతంతా ఫోన్లో చెప్పారు. ముందు నీళ్లు చిలకరించి, గోరంత ముక్క కోసి, రెండు కవర్లలో మూసి పంపాలి. నిచ్చెనెక్కితే కళ్లు తిరుగుతాయని ఆవిడ ఆ పని భర్తకి అప్పగించింది.

మర్నాడు అతను పాపని అత్తగారింట్లో దింపడానికి వెళ్లాడు. పని అయ్యేదాకా పిల్లని అక్కడే ఉంచాలనుకున్నారు. అత్తగారు టీ పెట్టే హడావిడిలో ఉన్నారు. మామగారు వీధిగుమ్మంలో ఎవరితోనో వాదిస్తున్నారు. అతను వెనకగదిలోకి వెళ్లి, మంచమెక్కి, బీరువా పైన మూలగా సీలింగు పలకలోంచి గోరంత ముక్క కోశాడు. నీళ్లు చిలకరించడం మాత్రం మరచిపోలేదు. మోసమైనా పద్ధతిగా చేసే మనిషి.

దారిలో మనసు కాస్త పీకింది. పగలగొట్టేటప్పుడు పాప ఇంట్లో ఉండదు కదా, దుమ్మంతా కడిగించాకే తీసుకొద్దాం అని సర్దిచెప్పుకున్నాడు. తమ ఇంటి ముక్కేనని రాసి కవరు పంపేశాడు.

ఆ వారం చివర్లో ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"పొద్దున మీరలా వెళ్లగానే ఫోనొచ్చింది. మీకు చేస్తే ఎత్తరు. ఉందట."

"ఏముంది?"

"ఇంకేముంటుంది? ఆస్‌బెస్టాస్. కాస్తా కూస్తా కాదట, దండిగా ఉందట. నాది చాదస్తం అన్నారుగా, ఇప్పుడేమంటారు?"

అతను పక్కనున్న డబ్బా మీద కూలబడ్డాడు. మామగారి ఇల్లు. ఏరి ఏరి వేయించిన పలకలు. వాటికిందే నాలుగు రోజులుగా పాప పడుకుంటోంది.

"పాప..." అన్నాడు.

"ఎందుకంత కంగారు? కదపనంతకాలం దానివల్ల ఏ ప్రమాదమూ లేదట. పైన రంగు ఉంది కదా, లోపలే పడి ఉంటుందట. పగలగొడితేనే చిక్కు."

అతనికి ప్రాణం లేచొచ్చింది. అత్తగారింట్లో ఆ సీలింగు జోలికి ఇన్నేళ్లుగా ఎవరూ పోలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు పోతారు? రేపు వెళ్లి ఏదో వంక చెప్పి పాపని తెచ్చేసుకోవచ్చు. ఇక్కడి ముక్క ఇంకోటి గుట్టుచప్పుడు కాకుండా పంపొచ్చు. తను చేసిన పని ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు. సిగ్గేసింది కానీ, సిగ్గు కన్నా ఊరటే ఎక్కువగా ఉంది.

"మరి మేస్త్రీకి ఏం చెప్పావు?" అన్నాడు, మాట మారుస్తూ.

"పాపం, ముఖం వేలాడేశాడు. మనుషుల్ని తీసుకొచ్చాక ఊరికే పంపడమెందుకని అమ్మావాళ్లింటికి పంపించాను. ఇక్కడ ఇదంతా తేలేదాకా మనం ఉండాల్సింది అక్కడేగా. ఆ వెనకగది సీలింగు నెత్తిమీదికి వస్తోందని అమ్మ ఎప్పట్నించో గోల."

అతను లేచి నిలబడ్డాడు. "పరీక్ష చేయించకుండానా?"

"మా నాన్న ఇంటికి పరీక్షేమిటండీ" అని ఆవిడ నవ్వి, చేతులు తుడుచుకుని, ఫోను అతని ముందు పెట్టింది. "మధ్యాహ్నానికే మొత్తం దించేశారట. మీ కూతుర్ని చూడండి, ఆ దుమ్ములో బాసింపట్టు వేసుక్కూర్చుని వేలితో మనిద్దరి బొమ్మలూ గీసింది."