ఇంకని గుంత

కైలాసం గుంత మీదికి వంగి, మధ్యలో నాటిన పుల్లను చూశాడు. నీళ్ళు పోయించి పోయేముందు దాని మీద గీసిన గీత దగ్గరే నీళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి.

"ఏం నేల సారయ్యా ఇది? చూస్తె మొరం. చుక్క నీళ్ళు తాగుతలేదు."

"మా పెరడు ముందుసంది గంతే సార్" అన్నాడు సారయ్య, తల ఎత్తకుండా.

కైలాసం హుజూరాబాద్ పంచాయతీ సమితిలో హెల్త్ ఇన్‌స్పెక్టర్. పాయఖానా కావాలన్న వాళ్ళ పెరట్లో గుంత తవ్వించి, నీళ్ళు పోయించి చూస్తాడు. నేల పీల్చుకుంటేనే మంజూరు. లేకుంటే మురికి పైకి తేలుతుంది. సాలెల వాడకు వచ్చిన పాయఖానా ఒక్కటే. ఇక్కడ కుదరకపోతే ఇంకో వాడకు పోతుంది.

పోవాలనే సారయ్య కోరిక. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలో చెమ్మ ఊరకుండా ఏటా పూసే జిగట రేగడినే, ఇంట్లో ఎవరూ లేవకముందే ఈ గుంతకూ పూశాడు. పైన మొరం చల్లాడు.

తల్లి కోసమే ఆ పని. కనకవ్వ సోమవారాలు ఒక్కపొద్దుంటుంది, ఏటా వేములవాడ పోయి రాజన్నకు మొక్కుతుంది. పాయఖానా వచ్చేది సరిగ్గా దేవుని అర్ర గోడ వెనక. కనకవ్వ నోరు తెరిచి వద్దనలేదు. అంటుందా? కొడుకే అర్థం చేసుకోవాలి.

భార్య అనసూర్య పాయఖానా కావాలని మొదటిసారి అడిగిన రోజు సారయ్య నవ్వాడు.

"మా అవ్వ ఇన్నేండ్లసంది వాగు దిక్కు పోతలేదా? నీకే నడుములు పడిపోయినయా, దొరసానీ?"

 అనసూర్య మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ పోరు పడలేకే సమితిలో పేరిచ్చాడు.

కైలాసం గుంతలోకి చెయ్యి పెట్టి గోడ తడిమాడు. వేళ్ళకు నల్లగా అంటింది.

"మొరంల రేగడి ఎట్లొచ్చె? ఎవరో నున్నగ మెత్తిండ్రు."

సారయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గడపలో నిలబడ్డ అనసూర్య, మొగుని గోళ్ళలోని నలుపు చూసి మొహం తిప్పుకుంది. ఆమె నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

కనకవ్వ గోడ పట్టుకొని మెల్లగా వచ్చింది.

"నేనే మెత్తిన సారూ. అలికిన చెయ్యి, ఊకోదు."

"నీకు ఇష్టం లేదా అవ్వా?"

కనకవ్వ కొడుకు దిక్కు చూసింది.

"గోకి మళ్ళ నీళ్ళు పోయుండ్రి" అన్నాడు కైలాసం. "ఉత్తగనె రాస్తె నా నౌకరి పోతది. జర చాయ తాగొస్త."

సారయ్య గుంతలోకి దిగి, నిలిచిన నీళ్ళు తోడేసి తనే గోకాడు. అనసూర్య బిందె అందించింది. అందుకుంటూ ఆమె మొహం చూడలేకపోయాడు. అర్రలో రాజన్న పటం ముందు దీపం వెలుగుతూనే ఉంది. ఆ దేవుని పేరు మీదే కదా ఈ మోసం చేసింది. ఆయనకు మైల గోడ అవతలి గుంతతోనా, తన చేతులతోనా?

నీళ్ళు పోస్తుంటేనే నేల పీల్చుకోసాగింది.

సారయ్య పైకి వచ్చి తల్లి ముందు కూలబడ్డాడు.

"నా తప్పు నీ నెత్తినేసుకుంటివి అవ్వా. నీ దేవుని పక్కకు గిది వస్తె నీ మనసు నొస్తదని చేసిన. గీమెకైతె పంతం, నీ సంగతి ఆలోచించకుంట అడిగింది."

"గట్లనకు" అంది కనకవ్వ.

అనసూర్య "అత్తా, ఊకో" అంటూ ముందుకు వచ్చింది. కనకవ్వ చెయ్యెత్తి కోడలిని ఆపింది. నొప్పి పెడుతున్న మోకాళ్ళ మీద కొంగు కప్పుకుంది. కొడుకు మొహం చూడకుండా, నేల చూస్తూ అంది.

"అనసూర్యతోని అడిగిచ్చింది నేనే కొడుకా."