ఊపిరి బిగబట్టమ్మా

బావ వీధి తలుపుకు గడియ పెట్టి అడ్డంగా నిలబడ్డాడు. అక్క మంచం అంచున కూర్చుని, ఎడమ డొక్కను చేత్తో అదిమి పట్టుకుని దగ్గుతోంది. వేలికి తగిలించిన ఆక్సిమీటరు ఎనభై ఆరు చూపిస్తోంది.

"తప్పుకో బావా. స్కానుకు తీసుకెళ్లాలి," అన్నాడు తమ్ముడు.

బావ కదల్లేదు. పెద్దాసుపత్రిలో ఛాతీ స్కాన్లు తీసేది అతనే. ఈ జ్వరాలు మొదలైనప్పటి నుంచి రోజుకు యాభై మందిని మిషను మీద పడుకోబెట్టి ఊపిరి బిగబట్టమంటున్నాడు. అలాంటి మనిషి ఇప్పుడు స్కాను దండగంటున్నాడు. రేడియేషన్ మంచిది కాదట. మాత్రలు మింగితే చాలట.

"ఊరందరికీ తీస్తావు. కట్టుకున్నదానికి తియ్యవా?"

"నా పెళ్లాం సంగతి నాకు తెలుసు. నీ పని చూసుకో."

అక్క కూడా వద్దన్నట్టు చెయ్యి ఊపింది. "స్కాను వద్దురా. మందులు తెచ్చిపెట్టు చాలు," అంది ఆయాసపడుతూ. ఆమె పెదవులు నీలంగా మారుతున్నాయి.

తమ్ముడు బావ చొక్కా పట్టి లాగాడు. బావ మోచేత్తో అతని ముక్కు మీద పొడిచాడు. ఇద్దరూ స్టూలు మీద పడ్డారు. స్టూలు విరిగింది, మందుసీసాలు పగిలాయి. బావ అతని గొంతు మీద మోకాలు పెట్టి అదిమాడు. తమ్ముడి చేతికి విరిగిన స్టూలు కాలు దొరికింది. రెండు దెబ్బలకు బావ పెదవి చీలి, ముందుపన్ను నేల మీద పడింది.

తమ్ముడు గడియ తీసి, అక్కను భుజాన వేసుకుని పరిగెత్తాడు.

ఆసుపత్రిలో ఆమె వేళ్లు అతని చొక్కాను వదల్లేదు. నర్సు ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. డ్యూటీలో ఉన్న ఇంకో ఆపరేటరు "ఊపిరి బిగబట్టమ్మా" అన్నాడు. బిగబట్టేంత ఊపిరి ఆమెకు లేదు. అయినా స్కాను తీసి, వార్డుకు తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టారు.

బావ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వెనకాలే వచ్చాడు. డాక్టరు ఇద్దరినీ తన గదిలోకి పిలిచి, కంప్యూటరు తెర చూస్తూ చెప్పాడు.

"ఊపిరితిత్తులు సగం దాకా తెల్లబడ్డాయి. ఇంకో పూట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లం. ఇప్పుడు ఫరవాలేదు, బతుకుతుంది."

తమ్ముడు కుర్చీలో కూర్చున్న బావ పక్కకు చేరాడు. పిచ్చిమనిషి, పెళ్లాం ఊపిరితిత్తులను తెర మీద చూసే ధైర్యం లేక అడ్డుపడ్డాడు కాబోలు అనుకున్నాడు. "క్షమించు బావా," అంటూ తన చేతిరుమాలుతో అతని గడ్డం మీది నెత్తురు తుడవసాగాడు.

బావ ఆ చెయ్యి తప్పించి లేచాడు. డాక్టరు అతన్ని ఆగమని, తమ్ముడి వైపు తిరిగాడు. మీ అక్క ఎప్పుడైనా మెట్ల మీంచి పడిందా అని అడిగాడు. తమ్ముడు లేదన్నాడు.

"పడితే ఒకేసారి విరుగుతాయి. ఎడమవైపు ఈ ఐదు పక్కటెముకలూ ఒక్కోటి ఒక్కోసారి విరిగి అతుక్కున్నాయి."

తమ్ముడు లేచి వెళ్లి తలుపుకు గడియ పెట్టాడు.